మూడు రౌండ్ల ముచ్చట

నిన్న షూటింగ్ రేంజ్ నుంచి కాస్త సిగ్గుపడుతూనే వచ్చాను.

పోయిన నెల 100 గజాల దూరంలో మూడు రౌండ్లు కాలిస్తే మూడు రంధ్రాలూ ఒకదాన్నొకటి తాకాయి. ఇంకేముంది, ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుని, "నా రైఫిల్ అర అంగుళంలో కొడుతుంది" అని కనిపించినవాళ్లందరికీ చెప్పాను.

నిన్న అదే రైఫిల్, అదే రకం తూటాలు. ఎందుకో బుద్ధి పుట్టి, బ్యారెల్ చల్లారనిస్తూ ఒకే టార్గెట్ మీద 10 కాల్చాను. నాలుగోది ఎడమకి పోయింది. ట్రిగ్గర్ గబుక్కున లాగేశానులే, అది లెక్కలోకి రాదు అనుకున్నాను. ఏడోది కూడా అటే పోయింది! ఇక చెప్పడానికి సాకు మిగల్లేదు. బాగా దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య, కేంద్రం నుంచి కేంద్రానికి కొలిస్తే అంగుళంన్నర.

ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాను. రైఫిల్ ఏమాత్రం మారకపోయినా, 10 రౌండ్ల గ్రూపు (అంటే బాగా దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య కొలత) సగటున 3 రౌండ్ల గ్రూపుకి ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది. మూడింటిలో అదృష్టం కలిసి రావచ్చు, పదింటిలో దాక్కోవడానికి చోటుండదు. అందరం గొప్పగా చెప్పుకునే ఒక ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్, డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అంటే 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు. మామూలు ఫ్యాక్టరీ రైఫిల్‌తో, మామూలు తూటాలతో పదికి పది అందులో పడటం చిన్న విషయమేం కాదు. గాలి, ఊపిరి, భుజం, వీటి సంగతి సరేసరి.

పాత కాగితం మాత్రం ఇంకా పర్సులోనే ఉంది. పారేయబుద్ధి కాలేదు.