కాన్బెర్రాలో 1975 నవంబరు 11 వెంట నడక

1975 నవంబరు 11న ఆస్ట్రేలియాలో లేబర్ పార్టీ ప్రధాని గాఫ్ విట్లమ్‌ను రాణి ప్రతినిధి అయిన గవర్నర్ జనరల్ పదవి నుంచి తొలగించాడు, దాని వెంటే ఎన్నిక వచ్చింది. ఆ రోజు జరిగిన చోట్లన్నీ రాజధాని కాన్బెర్రాలోనే ఉన్నాయి. అక్కడ దిగి "పార్లమెంటుకు" అని ట్యాక్సీ ఎక్కితే కాపిటల్ హిల్ మీదున్న కొత్త భవనం దగ్గర దింపుతారు. అది 1988లో మొదలైంది. 1975 ఎన్నిక సంగతి కళ్లారా చూడాలని వచ్చినవాళ్లు పాత పార్లమెంటు భవనం అని విడమరిచి చెప్పాలి. కొండ దిగువన ఉండే ఆ తెల్లటి పొట్టి భవనం ఇప్పుడు ప్రజాస్వామ్య మ్యూజియం. మేం సిడ్నీ నుంచి బస్సులో వెళ్లాం, మూడున్నర గంటలు పట్టింది. వెళ్లడానికి నవంబరు మంచి నెల. భవనానికి రెండు పక్కలా ఉన్న గులాబీ తోటలు అప్పుడు విరగబూసి ఉంటాయి.

నడక మొదలుపెట్టే ముందు తగువేమిటో తెలియాలి. ఆస్ట్రేలియా రాజ్యాంగం 53వ సెక్షన్ ప్రకారం ఎగువ సభ సెనేట్ బడ్జెట్ బిల్లులను సవరించకూడదు గానీ, ఆమోదించకుండా ఆపగలదు. మన రాజ్యసభ అయితే ద్రవ్య బిల్లును 14 రోజుల్లో తిప్పి పంపాల్సిందే. అక్కడ అలాంటి గడువేమీ లేదు. పైగా రెండు సెనేట్ ఖాళీల్లో పాత ఆనవాయితీ తప్పింది. ఖాళీ అయిన సీటులో అదే పార్టీ మనిషిని పంపడం రాష్ట్రాల అలవాటు. న్యూసౌత్‌వేల్స్ ప్రభుత్వం మాత్రం లేబర్ సీటుకు ఒక స్వతంత్రుణ్ని పంపింది. జూన్ 30న లేబర్ సెనేటర్ బెర్ట్ మిల్లినర్ చనిపోతే, క్వీన్స్‌లాండ్ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటివాడు) బ్యెల్కె-పీటర్సన్ ప్రధాని గాఫ్ విట్లమ్‌ను బాహాటంగా వ్యతిరేకించే ఆల్బర్ట్ ఫీల్డ్‌ను పంపాడు. ఫీల్డ్ నియామకం మీద కేసు పడి అతను సెలవులో ఉన్నా, లేబర్‌కు ఒక ఓటు తక్కువే పడింది. అక్టోబరు 16న సెనేట్ బడ్జెట్‌ను పక్కన పెట్టింది. నవంబరు చివరికల్లా ఖజానాలో జీతాలకు డబ్బులుండవు.

ఇక దారి. చాలామంది ముందు మ్యూజియానికి వెళ్లి, ఓపిక ఉంటే మిగతావి చూస్తారు. అలా చేస్తే ఆ రోజు జరిగింది అర్థం కాదు. గంటల వరస ప్రకారమే వెళ్లాలి, కాబట్టి మొదట యారలుమ్లా. అక్కడున్న గవర్నర్ జనరల్ నివాసంలోకి మామూలు రోజుల్లో రానివ్వరు. లేడీ డెన్మన్ డ్రైవ్ పక్కన భవనం కనిపించేలా ఒక చోటు ఉంది, అక్కడ ఆగితే చాలు. నవంబరు 11 మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో విట్లమ్ ఇక్కడికి వచ్చాడు. సగం సెనేట్‌కు ఎన్నిక అడగడం ఆయన ఉద్దేశం. క్రిస్మస్ లోపు, డిసెంబరు 13న పోలింగ్ జరగాలంటే ఆ రోజే అడగాలి. గవర్నర్ జనరల్ జాన్ కెర్ ఆ మాట తీసుకోకుండా 64వ సెక్షన్ కింద ఆయన్ని పదవి నుంచి తొలగిస్తున్నట్టు ఉత్తరం చేతికిచ్చాడు. ప్రతిపక్ష నాయకుడు మాల్కమ్ ఫ్రేజర్ అప్పటికే అదే ఇంట్లో మరో గదిలో ఉన్నాడు. ఒంటిగంటన్నరకల్లా ఫ్రేజర్ ప్రమాణం చేశాడు. బడ్జెట్ ఆమోదింపజేయాలి, ఎన్నిక పెట్టాలి అన్న షరతుల మీద దక్కిన పదవి అది.

తర్వాత ద లాడ్జ్, ప్రధాని నివాసం. గోడ తప్ప ఏమీ కనిపించదు, ఐదు నిమిషాలు చాలు. కానీ ఆగాలి. విట్లమ్ ఇక్కడికొచ్చి భోజనం చేస్తూ కొందరు సహచరులను పిలిపించాడు. పిలిచినవాళ్లలో సెనేట్ లేబర్ నాయకులు లేరు. నా లెక్కలో ఆ రోజు జరిగిన అతి పెద్ద తప్పు ఇదే. ఫలితం చూడాలంటే పాత పార్లమెంటులోకి వెళ్లాలి.

లోపల కింగ్స్ హాల్‌లో నిలబడండి. ఒక పక్క ఆకుపచ్చ సీట్ల దిగువ సభ, మరో పక్క ఎర్ర సీట్ల సెనేట్. మధ్యలో ఈ హాలు ఒక్కటే, దాటడానికి నిమిషం పట్టదు. రెండింటికి సెనేట్ కూర్చుంది. తమ ప్రధాని పదవి పోయిందని తెలియక లేబర్ నాయకుడు కెన్ రీట్ బడ్జెట్ బిల్లులను ముందుకు తెచ్చాడు. ఫ్రేజర్ వైపున్న ప్రతిపక్ష కూటమి సభ్యులు అడ్డు చెప్పలేదు. 2:24కు బిల్లులు గట్టెక్కాయి. ఫ్రేజర్‌కు పెట్టిన మొదటి షరతును లేబర్ చేతులే తీర్చాయి. పది నిమిషాల తర్వాత ఫ్రేజర్ దిగువ సభలో తానే ప్రధానినని ప్రకటించాడు. దిగువ సభ 64–54 ఓట్లతో ఆయన మీద అవిశ్వాసం తెలిపింది. స్పీకర్ గోర్డన్ స్కోల్స్ ఆ తీర్మానం పట్టుకుని కెర్‌ను కలవాలంటే 4:45కు రమ్మన్నారు. సరిగ్గా ఆ వేళకే సభ రద్దు ప్రకటన ఈ భవనం మెట్ల మీద చదివేశారు.

ఇక్కడ తెలుగువాళ్లకు 1984 ఆగస్టు గుర్తుకు రాకుండా ఉండదు. గవర్నర్ రామ్‌లాల్ ఎన్.టి. రామారావును తొలగించినప్పుడు ఎమ్మెల్యేల బలం చూపించి నెల రోజుల్లో ఆయన తిరిగి వచ్చారు. కాన్బెర్రాలో సభ బలం ఓటుతో తేలినా, దాన్ని వినేలోపే సభే లేకుండా పోయింది.

ముందు మెట్ల దగ్గర కాసేపు కూర్చోవాలి. గవర్నర్ జనరల్ కార్యదర్శి డేవిడ్ స్మిత్ ప్రకటన చదువుతుంటే విట్లమ్ వెనకే నిలబడ్డాడు. జనం అరుపుల్లో స్మిత్ గొంతు మునిగిపోయింది. రాణిని దేవుడు కాపాడాలని అనుకుందాం గానీ, గవర్నర్ జనరల్‌ను మాత్రం ఏదీ కాపాడలేదు అని విట్లమ్ అన్నది ఇక్కడే. ఈ గుమ్మం తలుపులు 2021 డిసెంబరులో మంటల్లో దెబ్బతిన్నాయి, అందుకని పాత ఫొటోలతో పోల్చుకుంటూ చూడండి.

డిసెంబరు 13 శనివారం రెండు సభలకూ పూర్తిగా పోలింగ్ జరిగింది. ఓటు వేయడం అక్కడ తప్పనిసరి. అప్పట్లో సెనేట్ బ్యాలెట్ మీద అభ్యర్థులందరికీ 1 నుంచి వరసగా అంకెలు వేయాల్సి వచ్చేది. వరస చెడితే ఓటు చెల్లేది కాదు. అంతకు ముందు ఏడాది న్యూసౌత్‌వేల్స్‌లో 73 మంది పోటీ చేశారంటే ఆ కాగితం ఎంత పొడవుండేదో ఊహించుకోవచ్చు. దిగువ సభలో 127 సీట్లకు ఫ్రేజర్ కూటమికి 91, లేబర్‌కు 36 వచ్చాయి. 64 మంది సెనేట్‌లోనూ కూటమికే 35. తొలగింపు మీద కోపం వీధుల్లో ఎంత కనిపించినా, విట్లమ్ మంత్రులు దొడ్డిదారిన విదేశీ అప్పు తేబోయిన కుంభకోణం, ధరల పెరుగుదల ఓట్లలో ఎక్కువ బరువు తూగాయని నా అంచనా. 1977లో ప్రజాభిప్రాయ సేకరణతో ఖాళీ సెనేట్ సీటు అదే పార్టీకి ఇవ్వాలని రాజ్యాంగంలో రాశారు. 53వ సెక్షన్‌ను ముట్టుకోలేదు.

చివరగా పక్కనే నడక దూరంలో నేషనల్ ఆర్కైవ్స్. కెర్‌కూ రాణి కార్యదర్శికీ మధ్య నడిచిన ఉత్తరాలు హైకోర్టు తీర్పు తర్వాత 2020 జులై 14న బయటికొచ్చాయి. అవి ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. నవంబరు 11 నాటి ఉత్తరం ముందు రాత్రే చదివి వెళ్లండి. తొలగించబోతున్న సంగతి ప్యాలెస్‌కు ముందుగా చెప్పకుండానే ఈ పని చేశానని కెర్ అందులో రాశాడు.