నది లేని నేలలో నీటి వెంట

మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పం ఉత్తర భాగంలో నేల మీద పారే నది ఒక్కటి కూడా లేదు. కురిసిన వాన కురిసినట్టే సున్నపురాయిలోకి ఇంకిపోతుంది. కృష్ణా కాలువల పక్కన పెరిగిన నాకు ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఒకటే ఆలోచన: మరి ఆ ప్రాంతపు ఆదివాసులైన మాయా ప్రజలు అక్కడ అన్ని నగరాలు ఎలా నిలబెట్టారు? డిసెంబరు సెలవులకు డల్లాస్ నుంచి కరీబియన్ తీరానికి వెళ్దామని ఇంట్లో అనుకున్నప్పుడు పిల్లలకు కావలసింది సముద్రం. నాకు, నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా పనిచేసి విరమించిన మా మామయ్య గారికి మాత్రం ఆ నీళ్ల సంగతి తేల్చుకోవాలని ఉంది. అత్తయ్య గారు, మామయ్య గారు సందర్శకుల వీసా మీద అమెరికా వచ్చారు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మన భారతీయులకు మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు కాబట్టి ఆ చిక్కు లేకపోయింది.

కాన్‌కున్‌లో ఎక్కువసేపు ఆగలేదు. 1970లో మెక్సికో ప్రభుత్వం పర్యాటకుల కోసమే కట్టడం మొదలుపెట్టిన ఊరది. ఇసుక తెల్లగా, మెత్తగా ఉంటుంది, హోటళ్లు సుఖంగా ఉంటాయి, అంతే. మేము తీరం వెంబడి దక్షిణంగా దిగి టులుమ్ ఊళ్లో బస చేశాం. అక్కడి నుంచి అడవి వైపు వెళ్లాలన్నా, సముద్రం వైపు వెళ్లాలన్నా దగ్గరే.

టులుమ్‌లోని మాయా శిథిలాలు చూడాలంటే గేటు తెరిచే వేళకే వెళ్లాలి. ఎండ ముదిరాక నీడ దొరకదు, జనం ఎక్కువవుతారు. మూడు వైపులా రాతి గోడ, నాలుగో వైపు సముద్రం మీదికి తొంగిచూసే కొండ అంచు. ఆ అంచు మీద కోట లాంటి గుడి. గుడి చూరు దగ్గర తలకిందులుగా దిగివస్తున్న దేవుడి బొమ్మ చెక్కి ఉంటుంది. స్పెయిన్ వాళ్లు వచ్చేనాటికి ఇది బతికి ఉన్న రేవు పట్టణం. 1518లో స్పెయిన్ నావికుడు గ్రిహాల్వా ఓడల మీద వచ్చినవాళ్లు దీన్ని సముద్రంలోంచి చూశారు. ఉప్పు, తేనె, నూలు బట్టలు, నల్లని అగ్నిశిల, చాక్లెట్ చేసే కకావ్ గింజలు పడవల్లో తీరం వెంట తిరిగేవి. సరుకుతో నిండిన అలాంటి పడవ ఒకటి 1502లో హోండురస్ దగ్గర కొలంబస్‌కు ఎదురైంది. కింద పడిన కకావ్ గింజల కోసం పడవవాళ్లు ఎంత ఆత్రంగా వంగారో చూసి అతని మనుషులు ఆశ్చర్యపోయారట. వాళ్లకు అవి డబ్బు మరి. ఈ తీరాన్ని వట్టి ఈతల తీరంగా చూసి వెళ్లిపోతే ఆ వర్తకుల దారి మన కంటికి ఆనదు.

మర్నాడు మరో పాత మాయా నగరం చిచెన్ ఇట్సా. ఇక్కడొక సౌకర్యం ఉంది. టులుమ్ ఉన్న కింతానా రో రాష్ట్రం కంటే యుకటాన్ రాష్ట్రం గడియారం ఒక గంట వెనక ఉంటుంది. తెల్లవారకముందే బయలుదేరితే ఆ గంట మనకు కలిసివచ్చి, గేటు తీసే సమయానికి హాయిగా చేరవచ్చు. అక్కడి కుకుల్‌కాన్ పిరమిడ్ గురించి చాలామందికి తెలిసిందే: నాలుగు వైపులా తొంభై ఒకటి చొప్పున మెట్లు, పైన గుడి మెట్టు ఒకటి, మొత్తం 365. ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే ప్రతిధ్వని పక్షి కూతలా తిరిగివస్తుంది. పిల్లలు దాన్ని వదల్లేదు. మామయ్య గారు మాత్రం గైడును మొదట అడిగింది, “ఇంత ఊరికి తాగునీళ్లు ఎక్కడివి?” అని.

ఆ గైడు ఇంట్లో మాయా భాష మాట్లాడే మనిషి. 2020 జనాభా లెక్కల ప్రకారం మెక్సికోలో ఈ భాష మాట్లాడేవాళ్లు ఏడున్నర లక్షలకు పైనే. మాయా జాతి మాయమైపోయిందని ఇంకా చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ప్రశ్న వినగానే ఆయన ముఖం విప్పారింది. మమ్మల్ని నేరుగా ష్తోలోక్ అనే సెనోటే దగ్గరికి నడిపించాడు. సెనోటే అంటే సున్నపురాయి కప్పు కూలి, కింది నీరు బయటపడ్డ సహజమైన బావి. ఊరి వాడకానికి నీళ్లు అక్కడివి. వానదేవుడు చాక్‌కు కానుకలు వేసే పవిత్ర సెనోటే వేరే ఉంది, ఉత్తరాన, రాతి బాట చివర. దాని అడుగు నుంచి బంగారం, పచ్చరాయి, సాంబ్రాణి లాంటి కోపాల్ ముద్దలు, మనుషుల ఎముకలు కూడా తీశారు. తాగే నీరు ఒకటి, మొక్కే నీరు ఒకటి. 2015లో శాస్త్రజ్ఞులు నేల లోపలికి విద్యుత్తు పంపి పరీక్షించి, పిరమిడ్ అడుగునే మరో సెనోటే ఉన్నట్టు ఆనవాళ్లు కనుగొన్నారు. “చెరువు చూసి ఊరు కట్టుకోవడం మన దగ్గరా ఉన్నదే. వీళ్లు నేల లోపలి చెరువును కనిపెట్టి కట్టారమ్మా!” అన్నారు మామయ్య గారు. ఉద్యోగంలో ఉన్నప్పటి ఉత్సాహం ఆయన గొంతులో వినిపించింది.

ఎండ నడినెత్తికి వచ్చాక వయదోలిద్ పరిసరాల్లో ఒక సెనోటేలో దిగాం. సెలవు మొత్తంలో ఒకే ఒక్క పని చేయడానికి వీలుంటే ఇదే చేయమంటాను. ముందు ఒంటికి రాసుకున్న లేపనాలన్నీ పోయేలా స్నానం చేయాలి, అది నియమం. తడి మెట్లు దిగుతూ ఉంటే పైన చెట్ల వేళ్లు తాళ్లలా నీటి దాకా వేలాడుతూ కనిపిస్తాయి. కప్పులోని రంధ్రం గుండా ఎండ ఒక్క స్తంభంగా దిగుతుంది. నీరు చల్లగా ఉంటుంది, అడుగున రాళ్లు లెక్కపెట్టవచ్చు. నీటి లోపల కూడా సున్నపు ఊడలు వేలాడుతుంటాయి. అవి బొట్టుబొట్టుగా గాలిలో తయారయ్యేవే. మంచుయుగంలో సముద్రమట్టం కిందికి ఉన్నప్పుడు ఈ గుహలన్నీ పొడిగా ఉండేవి, తర్వాత నీళ్లు నిండాయి. పొడిగా ఉన్న ఆ రోజుల్లో ఒక గుహలోకి వెళ్లి గోతిలో పడిపోయిన అమ్మాయి అస్థిపంజరం 2007లో దొరికింది. సుమారు పదమూడు వేల ఏళ్ల నాటిది. నయా అని పేరు పెట్టారు. టులుమ్ దగ్గరి సాక్ ఆక్తున్, దోస్ ఓహోస్ అనే రెండు గుహలు లోపల కలుస్తాయని 2018లో ఈతగాళ్లు తేల్చారు. రెండూ కలిపి 347 కిలోమీటర్ల నీటి దారి!

భోజనాల సంగతి కూడా చెప్పాలి, మా అత్తయ్య గారు శాకాహారి. ఉడికించిన చిక్కుళ్లలో పంది కొవ్వు కలపడం అక్కడ మామూలు. అందుకని ముందే అడిగి, అది లేనివే తీసుకున్నాం. చాయా ఆకు కూర, మొక్కజొన్న రొట్టె, అబనేరో మిరపకాయల పచ్చడి ఆమెకు బాగా నచ్చాయి. బజారులో ఎర్రని అచియోతే గింజలు చూసి, “ఇవి జాఫ్రా గింజలు కదమ్మా, పాడేరులో పనిచేసేటప్పుడు చూశాను” అన్నారు. నిజమే. మన మిరపకాయ లాగే జాఫ్రా కూడా అమెరికా ఖండాల నుంచే మనకు వచ్చింది.

మరో మాయా నగరం కోబాలో సైకిళ్లు అద్దెకు తీసుకుని అడవిలో తిరగడం పిల్లలకు పండగ. సరస్సుల చుట్టూ పెరిగిన ఆ నగరం నుంచి తెల్లని రాతి దారి ఒకటి దాదాపు వంద కిలోమీటర్లు యాష్‌ఉనా అనే ఇంకో మాయా నగరం దాకా వెళ్తుంది.

చివరగా ముయిల్ నుంచి సియాన్ కాన్ రక్షిత ప్రాంతంలోకి వెళ్లాం. 1987లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన చోటు. స్థానిక మాయా కుటుంబాల సహకార సంఘం పడవలో మడుగు దాటి, మడ చెట్ల మధ్య ఉన్న కాలువలోకి దిగి నీటి వాలులో తేలుతూ పోవడమే అక్కడి పని. అడవిలో కురిసి, నేల లోపల నడిచి వచ్చిన నీరు ఇక్కడ సముద్రం వైపు వెళ్తుంది. ఇదే తీరంలోని అకుమాల్‌లో తాబేళ్లు మేసే సముద్రపు గడ్డికీ, తీరానికి ఎదురుగా ఉన్న పగడపు దిబ్బకూ చేరేది ఇలాంటి నేల లోపలి నీరే. హోటళ్ల మురుగు నేలలోకి దిగితే అదీ అక్కడికే చేరుతుంది. సున్నపురాయిలో వడపోత లేదు. ఈ ద్వీపకల్పంలో ప్రభుత్వం కట్టిన మాయా రైలు మార్గం కోసం గుహల కప్పులను చీల్చి ఉక్కు స్తంభాలు దించిన తీరు చూశాక మామయ్య గారు చాలాసేపు మాట్లాడలేదు. అలాంటి నేలలో నిర్మాణం అంటే ఏమిటో ఆయనకు తెలుసు.

వెళ్లే తెలుగువాళ్లకు నా మనవి: మార్చి దాటితే సర్గాసమ్ నాచు ఒడ్డుకు కొట్టుకురావడం పెరుగుతుంది, డిసెంబరు, జనవరి మేలు. ఎండ లేపనానికి బదులు పొడుగు చేతుల ఈత చొక్కా కొనుక్కోండి. మురుగునీటి శుద్ధి ఎలా జరుగుతుందో గది తీసుకునే ముందే హోటలువాళ్లను అడగండి. సెనోటేలకూ పడవలకూ ఊరివాళ్ల సహకార సంఘాలనే ఎంచుకోండి. అక్కడ కార్డులు చాలాసార్లు పనిచేయవు, పెసోలు నగదుగా దగ్గర ఉంచుకోండి.