రోజుకు మూడు ఫోన్లు

డిప్రెషన్ మందులు రెండోసారి మార్చాక, డాక్టరుగారు పర్సనాలిటీ అసెస్‌మెంట్ కూడా చేయిద్దామన్నారు. నాకు టెన్షన్ పట్టుకుంది. జబ్బునొదిలేసి మనిషినే తూకం వేస్తారా అని.

హైదరాబాదులోనే ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళాను. మొదట 12 ప్రశ్నల కాగితం ఇచ్చారు. సగం నా గురించి, సగం ఇతరులతో నా తీరు గురించి. టిక్కులు పెట్టేసరికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అసలు పని ఆ తర్వాత, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడంలో ఉంది.

"రోజువారీ విషయాలకి కూడా ఎవరినైనా అడగాల్సి వస్తుందా?" అన్నారు. నవ్వొచ్చింది. రాజమండ్రిలో ఉన్న అమ్మకి రోజుకు మూడుసార్లు ఫోన్ చేస్తాను, పప్పులో ఏం వెయ్యాలో కూడా అడుగుతాను.

"డిపెండెంట్ అని రాసేసుకోండి మేడమ్."

ఆవిడ రాయలేదు. "అమ్మ ఫోన్ ఎత్తకపోతే?"

"ఏముంది, ఉన్నదేదో వేసి వండేస్తాను."

మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్ఎం అనే పుస్తకం ప్రకారం డిపెండెంట్, అంటే ఇతరుల మీద అతిగా ఆధారపడే వ్యక్తిత్వ సమస్య, అనాలంటే 8 లక్షణాల్లో కనీసం 5 ఉండాలట. మన ఇళ్ళలో చీర కొనాలన్నా నలుగురినీ అడుగుతాం. అడగడానికి మనిషి లేకపోతే కాళ్ళూచేతులూ ఆడకుండా పోతాయా అన్నదే వాళ్ళు చూసేది.

తర్వాత ప్రశ్న మామూలుగానే అడిగారు. "ఈమధ్య బాగా కష్టమొచ్చినప్పుడు ఎవరికి చెప్పుకున్నారు?"

రెండేళ్ళ కింద డెంగీతో మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఆటోలో ఒక్కదాన్నే వెళ్ళాను. ఫారంలో 'వెంట ఉన్నవారు' అన్నచోట నా పేరే రాస్తే, కౌంటర్లో అమ్మాయి కొట్టేసి మళ్ళీ ఇచ్చింది. అమ్మకి ఆఫీసు పని మీద బెంగళూరులో ఉన్నానని చెప్పాను. ఫోన్లు మాత్రం మానలేదు. ఒక చేతికి సెలైన్, రెండో చేతిలో ఫోన్, "కూరేం చేశావమ్మా?"

అప్పుడు కదిలింది ఆవిడ పెన్ను.

2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, పాత పద్ధతితో పాటు ఒక ప్రత్యామ్నాయ పద్ధతి కూడా ఇచ్చారట. అందులో నేనెవరో నాకు తెలియడం, నా దారి నేను నడవడం, ఎదుటివాళ్ళ మనసు అర్థం కావడం, దగ్గరితనం అని నాలుగు చూస్తారు. 0 నుంచి 4 దాకా స్కేలు. అంకె పెరిగేకొద్దీ ఇబ్బంది ఎక్కువ. నా దారి నేను నడవడంలో నాకు 0. దగ్గరితనంలో 2. ఇన్నాళ్ళూ నేను గొప్పగా చెప్పుకున్న 'ఎవరి మీదా ఆధారపడను' అన్న మాట ఈ రెండో అంకె కింద తేలింది.

ఇదంతా డిప్రెషన్ వల్ల వచ్చిందా, ముందునుంచీ ఉన్నదా అని తేల్చుకోవడానికి, నన్నడిగే అక్కకి ఫోన్ చేశారు. ఆ సాయంత్రం అక్క నాకు చేసింది.

"కష్టమొస్తే చెల్లెలు మీతో చెప్పుకుంటుందా అని అడిగిందే ఆవిడ. ఎందుకు చెప్పదండీ, అన్నీ చెప్తుంది అన్నాను."