పల్స్ పోలియోకి వస్తారా? అయితే సోమవారం రండి

పల్స్ పోలియో అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆదివారం బూత్. స్కూల్లోనో అంగన్‌వాడీలోనో టేబుల్ వేసి బ్యానర్ కట్టి, అయిదేళ్ళ లోపు పిల్లలు వస్తుంటే రెండు చుక్కలు నోట్లో వేసి ఎడమ చేతి చిటికెన వేలి గోరు మీద మార్కర్‌తో గీత పెట్టి పంపిస్తారు. ఆ రోజు వాలంటీర్లకి కొదవుండదు, ఎన్ఎస్ఎస్ పిల్లలు, రోటరీ వాళ్ళు, కాలనీ పెద్దలు అందరూ వస్తారు, చాలా మంచిది. కానీ బూత్ దాకా వచ్చేది ఎవరండీ? డేట్ గుర్తుపెట్టుకున్న అమ్మానాన్నలున్న పిల్లలు. హైదరాబాద్‌లో మా ఏరియా హెల్త్ సెంటర్ వాళ్ళతో వాలంటీర్‌గా కొన్నేళ్ళుగా వెళ్తున్నా, నేను చూసినంతవరకు అసలు మనుషులు చాలనిది సోమవారం, మంగళవారం, అంటే ఇంటింటికీ తిరిగే రోజులు. అందరూ ఆఫీసులకి వెళ్ళిపోతారు, ఆశా అక్క ఒక్కతే సంచీ భుజానేసుకుని మెట్లెక్కుతూ ఉంటుంది.

ఆ పని దగ్గరుండి చూస్తే తెలుస్తుంది ఎంత జాగ్రత్తగా చేస్తారో. ఐస్ ప్యాకులున్న క్యారియర్, అందులో మందు సీసాలు, ఒక్కో సీసాలో ఇరవై మందికి సరిపడా మందు. సీసా మీద ఊదా రంగు గుండ్రం, దాని మధ్యలో లేత రంగు చదరం ఉంటుంది, వేడి తగిలేకొద్దీ ఆ చదరం ముదురుతుంది, గుండ్రంతో కలిసిపోయిందంటే ఆ సీసా ఇంక పనికిరాదు. మా ఆశా అక్క ప్రతి సీసా బయటికి తీయగానే వెలుతురుకి పెట్టి అది చూశాకే మూత తీస్తుంది, ఎంత తొందరలో ఉన్నా సరే. ఇంట్లో పిల్లలందరికీ వేసేస్తే గోడ మీద ‘పి’ అని రాస్తారు. తాళం వేసున్నా, బాబు అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళాడన్నా, వద్దన్నా ‘ఎక్స్’. ఆ ఎక్స్ ఇళ్ళకే మళ్ళీ వెళ్ళాలి, వాళ్ళు పనుల నుంచి వచ్చే టైం చూసుకుని.

ఒకసారి ఒక అవ్వ మనవణ్ణి కొంగు చాటున దాచేసి, "మొన్ననే ఏసిన్రు కదా బిడ్డా, ఎన్నిసార్లు ఏస్తరు" అని గట్టిగా అడిగింది. నిజానికి మంచి ప్రశ్న అది. మన దగ్గర ఈ చుక్కలు ఒకటి రెండు డోసులతో అందరు పిల్లల్లోనూ పూర్తిగా పనిచెయ్యవు, అందుకే మళ్ళీ మళ్ళీ వేస్తారు, ఎక్కువైతే వచ్చే నష్టం ఏమీ లేదు. అక్క ఇవేమీ చెప్పలేదు, గడప మీద కూర్చుని "నా కొడుక్కి కూడా ప్రతిసారీ ఏపిచ్చిన అవ్వా, ఇప్పుడు డిగ్రీ చదువుతుండు" అంది, అంతే, పిల్లాడు బయటికి వచ్చాడు.

ఇక "పోలియో పోయింది కదా ఇంకా ఎందుకు" అనే వాళ్ళు, చదువుకున్న వాళ్ళలోనే ఎక్కువ. పోయిన మాట నిజమే. 1995లో దేశమంతా పల్స్ పోలియో మొదలైంది, అయినా 2009లో కూడా మన దేశంలో 741 కేసులు, ప్రపంచంలో వచ్చినవాటిలో దాదాపు సగం మనవే. అక్కణ్ణుంచి రెండేళ్ళు తిరక్కుండానే సహజంగా వచ్చే పోలియో వైరస్ చివరి కేసు, 2011 జనవరి 13న బెంగాల్‌లోని హౌరాలో ఒక పాపకి. 2014 మార్చి 27న మనకి పోలియో లేదని డబ్ల్యూహెచ్ఓ సర్టిఫికెట్ ఇచ్చింది. ఇదంతా ఇల్లిల్లూ తిరిగిన ఆడవాళ్ళ కాళ్ళ కష్టం, నాకు ఇందులో ఏ అనుమానమూ లేదు. కానీ పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లో ఆ వైరస్ ఇంకా తిరుగుతూనే ఉంది. సోకిన పిల్లల్లో సుమారు రెండొందల మందిలో ఒకరికే కాళ్ళు పడిపోతాయి, మిగతా వాళ్ళు బానే కనిపిస్తూ ఇంకొకళ్ళకి అంటిస్తారు, కాబట్టి ఒక కేసు కంటపడే టైంకి అది ఎంత దూరం పాకిందో ఎవరికీ తెలీదు. దూరం ఎందుకు, 2016లో మన అంబర్‌పేట దగ్గర మురుగునీటిలో చుక్కల మందులో ఉండే బలహీనపరిచిన వైరస్ మారి తయారైన రెండో రకం పోలియో వైరస్ దొరికితే, జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డిలో ఒక వారమంతా పిల్లలకి ప్రత్యేకంగా పోలియో ఇంజెక్షన్లు వేశారు.

సిటీలో నాకు ఎక్కువ దిగులుగా ఉండేది రెండు చోట్ల. ఒకటి లేబర్ క్యాంపులు, పెద్ద టవర్లు కట్టే చోట రేకుల షెడ్లు, ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన కుటుంబాలు, మూడు నెలలకి ఇంకో సైట్‌కి వెళ్ళిపోతారు, ఏ రిజిస్టర్లోనూ ఉండరు. తల్లి పనిలో ఉంటుంది, ఏడేళ్ళ అక్క చంకలో చంటిది, చిటికెన వేలు చూస్తే గీత ఉండదు. ఊళ్ళో వేయించారా లేదా అని అడగడానికి మాకు వాళ్ళ భాష రాదు. అక్కడ ఒడియా తెలిసిన మనిషి ఒక్కరున్నా గంట పని పది నిమిషాల్లో అవుతుంది. రెండోది, నమ్మరు గానీ, పెద్ద అపార్ట్‌మెంట్లు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆశా అక్కని ఆపేస్తాడు, ఏ ఫ్లాట్, ఎవరు రమ్మన్నారు అని. పైన ఫ్లాట్ల పిల్లలకి ప్రైవేట్ డాక్టర్లున్నారు సరే, సెల్లార్లో ఉండే వాచ్‌మెన్ పిల్లల సంగతేంటి?

కాబట్టి ఈసారి డేట్లు ప్రకటించగానే ఒక వారం ముందే మీ దగ్గర్లో ఉన్న బస్తీ దవాఖానాకో అర్బన్ హెల్త్ సెంటర్‌కో వెళ్ళి ఏఎన్ఎంనో మెడికల్ ఆఫీసర్నో కలవండి. సోమవారం, మంగళవారం లీవ్ పెట్టగలరా, హిందీ గానీ ఒడియా గానీ వచ్చా, బండి ఉందా, ఈ మూడు చెప్తే చాలు, పని వాళ్ళే చూపిస్తారు. బండి ఉన్నవాళ్ళు అయిపోయిన ఐస్ ప్యాకులు మార్చి తెచ్చిచ్చినా అక్కకి ఒక తిరుగుడు తప్పుతుంది. లీవ్ దొరకని వాళ్ళు కనీసం మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టి, సెక్యూరిటీకి పేరుతో సహా చెప్పి ఉంచండి, ఆశా వర్కర్ వస్తే ఆపకుండా లోపలికి పంపమని, ముందుగా సెల్లార్లో రూములు చూపించమని.