మా మామిడి చెట్టుకి దాహం వెయ్యలేదు

మా ఇంట్లో రెండు మామిడి చెట్లున్నాయి. ఒకటి పెరట్లో, ఇంకొకటి గేటు పక్కన. పెరట్లో దానికి పశువుల ఎరువు, వేపపిండి, పొద్దున్నే నీళ్లు, ఆకు మీద చిన్న మచ్చ కనిపించినా ఇంటిల్లిపాదికీ టెన్షన్. గేటు పక్కదాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు, స్కూటర్ తిప్పేటప్పుడు కొమ్మ తగిలితే విసుక్కోవడం తప్ప. ఏడేళ్లు తిరిగేసరికి కాయ కాసింది గేటు పక్కది. పెరట్లోది ఆకులు కాసింది. నల్లగా, నిగనిగలాడుతూ ఎంత మంచి ఆకులంటే, ఉగాదికీ వినాయక చవితికీ తోరణాల కోసం మా వీధి వీధంతా మా పెరట్లోనే ఉండేది.

చెట్టుంది గానీ కాపు లేదని ఈ మధ్య చాలామంది చెప్తున్నారు, అందుకే రాస్తున్నాను. మా తప్పు తెలుసుకోవడానికి మాకు నాలుగేళ్లు పట్టింది, అదీ వేరేవాళ్లు చూపిస్తే.

2014లో ఏలూరులో ఈ ఇంట్లోకి వచ్చాం. ఇల్లు పోగా వెనక కాస్త పెరడు మిగిలింది. మా అత్తయ్యగారి పుట్టిల్లు నూజివీడు దగ్గర పల్లె, మామిడి తోటల మధ్య పెరిగిన మనిషి. మొక్క కొనకముందే మే నెల ఎండలో మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉండేలా రెండు గోతులు తవ్వించి అలా వదిలేయమన్నారు. "గొయ్యికి ఎండ తగలాలమ్మాయ్, మట్టిలో పురుగూ పుట్రా చావాలి" అని. నెల తర్వాత పైమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు, వేపపిండి కలిపి పూడ్చాం. మృగశిర కార్తెలో రెండు వానలు పడ్డాక కడియం వెళ్లి రెండు అంటు మొక్కలు తెచ్చాం, ఒకటి బంగినపల్లి, ఒకటి ఇమామ్ పసంద్, అదే హైదరాబాదులో హిమాయత్ అంటారు.

నర్సరీకి వెళ్తే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. రోడ్డు మీదికి కనిపించేలా ముందు వరసలో, చిన్న సంచిలోనే రెండు మూడు కాయలు వేలాడుతూ కొన్ని మొక్కలు పెడతారు. చూడగానే చెయ్యి అటే పోతుంది. మా ఆయన చెయ్యి కూడా పోయింది, నేను లాగాను. అంత పసి మొక్క, గుప్పెడు మట్టిలో కాయ మోస్తూ ఉంటే దానికి వేళ్లు పెంచుకునే ఓపిక ఎక్కడుంటుంది? ఏడాది వయసుండి, నిటారుగా, అంటు కట్టిన చోట పగుళ్లు లేకుండా అతుక్కున్న మొక్క చాలు, కాయల సంగతి తర్వాత.

నాటేటప్పుడు అంటు అతుకు నేలకి జానెడు పైనే ఉండాలి, మట్టిలో కూరుకుపోకూడదు. అతుకు చుట్టూ చుట్టిన ప్లాస్టిక్ పట్టీని, అది బాగా కలిశాక విప్పెయ్యాలి. అతుకు కింద నుంచి చిగురొస్తే ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలి. ఈ మూడూ పెరట్లో మొక్కకి చేశాం. గేటు పక్కదానికి ఏ ఒక్కటీ చెయ్యలేదు, రోజూ దాని పక్కనుంచే వెళ్లొస్తూ కూడా. పట్టీ అలాగే ఉండిపోయి కాండాన్ని ఒరుసుకుపోయింది కాబోలు, రెండో వేసవిలో పై కొమ్మ ఎండిపోయింది. అయ్యో పోయిందే అనుకుంటుంటే వానలకి కింద నుంచి ఎర్రటి చిగురు తన్నుకొచ్చింది. బతికిందని మా ఆయన స్వీట్లు తెచ్చారు కూడా. బతికింది ఇమామ్ పసంద్ కాదు, దాన్ని మోస్తున్న నాటు మొక్క అని మాకేం తెలుసు!

పెరట్లో బంగినపల్లి రెండో ఏడే పూసింది. అంటు మొక్క కదా, ముసలి చెట్టు కొమ్మే దాని నెత్తిన ఉంది, వయసుతో పనిలేకుండా పూస్తుంది. మొదటి మూడేళ్లు ఆ పూత తుంచెయ్యాలి. చెప్పడం తేలిక. జనవరి పొద్దున, మంచులో, అరచేతి ఎత్తు పూతకంకి, ఆ వాసన, దాన్ని గోటితో గిల్లాలి. 2015, 16, 17 మూడేళ్లూ అత్తయ్యగారు దగ్గరుండి గిల్లించారు, మా అబ్బాయి ఏడ్చినా వినలేదు. "వచ్చే ఏటి నుంచి నీ ఇష్టంరా" అన్నారు వాడితో.

వచ్చే ఏడు పూత రాలేదు. ఆ పై ఏడూ రాలేదు.

ఎరువు చాలలేదేమో అని యూరియా వేశాం. ఇంకా ఏపుగా పెరిగింది. నీళ్లు చాలడం లేదేమో అని పాదు పెద్దది చేసి రోజూ పైపు పెట్టాం. డిసెంబరులో చెట్టు నిండా రాగి రంగు చిగుళ్లు, పూతకొచ్చిందేమో అని నేను ఫొటోలు తీసి బంధువులందరికీ పంపాను. "మార్గశిరంలో మామిడికి నీళ్లేంటమ్మా, తోటల్లో ఎవరైనా పెడతారా?" అని అత్తయ్యగారు అంటూనే ఉన్నారు. తోట సంగతి వేరు, ఇక్కడ మట్టి వేరు అని నేనే కొట్టిపారేశాను. చివరికి ఆవిడ మాట విని 2019 చలికాలం నీళ్లు మానేశాం కూడా. అయినా ఆకులే! దాంతో నా మాటే నెగ్గింది, ఆవిడ ఊరుకున్నారు.

2021 వేసవిలో గేటు పక్క చెట్టు కాసింది. కోడిగుడ్డంత కాయలు, పీచు, కొరికితే పళ్లు జివ్వుమనే పులుపు. ఇమామ్ పసంద్ అని ఏడేళ్లుగా అందరికీ చెప్పుకున్న నాకు నోట మాట రాలేదు. అత్తయ్యగారు మాత్రం కాయని అటూ ఇటూ తిప్పి, కత్తిపీట తెప్పించి ముక్క కొట్టి, "కండ గట్టిగా ఉంది, టెంక ముదిరింది, ముక్కకి పెంకు బాగా అంటుకుంది, దీన్నెందుకే తిడతావు, ఆవకాయకి ఇంతకంటే ఏం కావాలి" అన్నారు. ఆ ఏడు బజార్లో కాయ కొనలేదు. ఆ ఆవకాయ తర్వాతి సంక్రాంతికి కూడా ముక్క మెత్తబడలేదు.

ఆ ఆవకాయ పట్టుకెళ్లడానికి వచ్చాడు మా పిన్ని కొడుకు. వాడికి నూజివీడు వైపు ఎనిమిది ఎకరాల తోట ఉంది. పెరట్లోకి వెళ్లి చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ఎరువు గురించి అడుగుతాడేమో అనుకున్నా. చెట్టు మొదట్లో చెప్పు తీసి కాలి బొటనవేలితో మట్టి తవ్వాడు. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, మట్టి తడిగా ఉంది.

"అక్కా, ఈ నీళ్లెక్కడివి?"

"పైపు పెట్టి పది రోజులైందిరా."

"మరి ఆ పుదీనా ఎలా బతుకుతోంది?"

చెట్టుకి మూడడుగుల్లో పుదీనా గుబురుగా ఉంది. దాని వెనక గిన్నెలు తోమే గట్టు. ఆ గట్టు తూము పుదీనా పాదులోకి, అక్కడి నుంచి మామిడి వేళ్లకి. వాషింగ్ మెషీన్ నీళ్లు కూడా అందులోకే. గట్టు కట్టించిందీ, మెషీన్ కొన్నదీ 2017లో. ఆఖరి పూత గిల్లిన ఏడు.

"బావా, ఈ చెట్టుకి ఏడాదిలో ఒక్కరోజు కూడా దాహం వెయ్యలేదు. ఇంక పూత ఎందుకు పూస్తుంది?" అన్నాడు మా ఆయనతో.

వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. మామిడి కొమ్మ చివర ఉన్న మొగ్గ ఆకు కావచ్చు, పూత కావచ్చు. వానాకాలంలో వచ్చిన చిగురు ముదిరి, అక్టోబరు నుంచి రెండు మూడు నెలలు నేల ఎండి, రాత్రులు చల్లబడితే, చెట్టు పెరగడం ఆపి విశ్రాంతి తీసుకుంటుంది. అలా విశ్రాంతి తీసుకున్న కొమ్మే పూస్తుంది. ఆ నెలల్లో నీళ్లు, యూరియా అందితే మళ్లీ చిగురేస్తుంది, ఆ లేత చిగురు ఆ ఏడు పూయదు. 2019లో నేను పైపు కట్టేశాను గానీ తూము కట్టెయ్యలేదు కదా. గేటు పక్కదానికి ఎవరూ నీళ్లు పోయలేదు కాబట్టే అది పూసింది. అత్తయ్యగారు ఈ మాటలన్నీ వింటూ కుర్చీలో కూర్చుని చింతపండు ఈనెలు తీసుకుంటున్నారు, నా వైపు చూడలేదు. ఆవిడ చూడకపోవడమే నాకు ఎక్కువ అనిపించింది.

ఇంకో తప్పు కూడా బయటపడింది. కరెంటు తీగకి తగులుతోందని మా ఆయన ప్రతి ఏడూ దీపావళి ముందు కొమ్మలు కొట్టించేవారు. పూత వచ్చేది కొమ్మ చివర్న, ఆ చివర్లనే కొట్టేస్తే ఇంకేం వస్తుంది? కత్తిరింపులు ఏవైనా కాయ కోసిన వెంటనే, జూన్, జూలైల్లోనే అయిపోవాలి, అప్పుడు వచ్చిన చిగురు ముదరడానికి టైముంటుంది. ఎరువు కూడా అప్పుడే.

ఆ దసరాకి ప్లంబర్‌ని పిలిచి తూముకి పైపు బిగించి నీళ్లు కాలవలోకి మళ్లించాం. పుదీనా ఎండిపోయింది. నవంబరులో మామిడి ఆకులు వాడినట్టు కిందికి దిగాయి, నాకు చెయ్యి ఊరుకోక ఒకరోజు బకెట్టుతో వెళ్లాను కూడా, మా అబ్బాయి లాక్కున్నాడు. 2022 జనవరిలో సంక్రాంతి ముగ్గు వేస్తుంటే వాసన వచ్చింది. ముందు గేటు వైపు చూశాను. అది పెరట్లోంచి.

పూత వస్తే అయిపోయిందనుకోకండి, అసలు కంగారు అక్కడే మొదలు. చెట్టు కిందికి వెళ్తే చినుకులు పడుతున్నట్టు చిటపట చప్పుడు, అవి తేనెమంచు పురుగులు, మనిషి అలికిడికి ఎగురుతున్నాయి. పూతలో రసం పీల్చి జిగురు వదుల్తాయి, కింద పెట్టిన స్కూటర్ సీటంతా జిగట, తర్వాత ఆ జిగురు మీద మసి పట్టి ఆకులు నల్లబడతాయి. లీటరు నీళ్లకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టాం. పూత మీద తెల్లగా బూడిద చల్లినట్టు కనిపిస్తే అది బూడిద తెగులు, దానికి నీళ్లలో కలిసే గంధకం లీటరుకి మూడు గ్రాములు. ఏ మందైనా పూత విచ్చుకోకముందు ఒకసారి, పిందె కట్టాక ఒకసారి. పూలు విచ్చుకుని ఉన్నప్పుడు మాత్రం ఏదీ కొట్టకండి, ఆ ఈగలూ తేనెటీగలూ వాలకపోతే పిందె ఎక్కడిది?

పిందెలు బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ నీళ్లు మొదలు. అప్పటికీ రోజూ కింద బోలెడు రాలుతుంటాయి, చీపురుతో ఊడుస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. కంకిలో వందల పూలుంటే నిలిచేది ఒకటో రెండో, ఎక్కువగా ఉండేవి మగ పూలే కాబట్టి అది మామూలేనట. ఆ ఉగాది పచ్చడిలో మా చెట్టు పిందె వేశాం. ఏప్రిల్ గాలివానకి సగం పోయాయి. గోడ అవతలి పిల్లలు ఇంకో పది కొట్టారు, కాయలున్న చెట్టుకే రాళ్లు అని ఊరుకున్నాం, నిజానికి లోపల కాస్త గర్వంగా కూడా ఉంది.

పండు ఈగ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. పైకి నున్నగా ఉన్న పండు, కోస్తే లోపల తెల్ల పురుగులు. ముదిరే కాయ తొక్కలోకి ఈగ గుడ్లు గుచ్చుతుంది. రెండో ఏటి నుంచి కాయ నిమ్మకాయంత అయ్యాక అందినన్నిటికీ పాత న్యూస్ పేపరు సంచులు కడుతున్నాం, రాలిన కాయల్ని చెట్టు కింద ఉంచకుండా ఏరేస్తున్నాం. చాలా తగ్గింది.

ఆ మొదటి ఏడు చివరికి 38 కాయలు. చిక్కం కర్ర తోటనుంచి తమ్ముడే తెచ్చాడు. తొడిమె కాస్త ఉంచి కొయ్యాలి, లేదంటే సొన కారి తొక్క నల్లబడుతుంది. మా ఆయన మొదటి కాయని ఉత్సాహంగా చేత్తో తుంచి, సొన చిమ్మి, చెంప మీద వారం రోజులు మచ్చతో బ్యాంకుకి వెళ్లారు. వరిగడ్డి దొరకక బియ్యం డబ్బాలో మాగేశాం. ఆరో రోజు మూత తీస్తే ఆ వాసనకి వంటింట్లోకి అందరం ఒకేసారి వచ్చాం. మొదటి పండు దేవుడి దగ్గర, రెండోది అత్తయ్యగారికి. తిని, టెంక కూడా చీకి, "బానే ఉంది, ఇంకా నాలుగు రోజులు చెట్టున ఉంచాల్సింది" అన్నారు.

స్థలం తక్కువున్నవాళ్లు బంగినపల్లి జోలికి వెళ్లకుండా ఆమ్రపాలి పెట్టుకోండి అంటాడు మా తమ్ముడు. దశేరి, నీలం కలిపి చేసిన రకం, పొట్టిగా ఉంటుంది, ఏటా కాస్తుంది. బంగినపల్లి ఒక ఏడు విరగకాస్తే మరుసటేడు ముఖం చాటేస్తుంది, మాది 2023లో ఆరంటే ఆరు కాయలిచ్చింది. మాకు తెలిసుంటే ఏం చేసేవాళ్లమో గానీ, అత్తయ్యగారు మాత్రం బంగినపల్లి తప్ప ఇంకోటి ఈ గుమ్మంలోకి రానిచ్చేవారు కాదు.

ఈ ఏడు తూర్పు వైపు కొమ్మలే పూశాయి, పడమర వైపు మళ్లీ ఎర్ర చిగుళ్లు. తూము పైపు ఎక్కడైనా కారుతోందేమో చూడమని నిన్న మా ఆయన్ని పంపాను. గట్టు కింద జాయింటు దగ్గర పుదీనా మళ్లీ మొలిచిందట.