బోకుమ్ నుంచి శ్రీపెరుంబుదూరు దాకా

ఫ్యాక్టరీలు దేశాలు దాటి తరలిపోవడం గురించి మాట వచ్చినప్పుడల్లా, “వాళ్ల ఉద్యోగాలు మనకొస్తున్నాయి కదా” అని మనవాళ్లు సంతోషించడం తరచుగా వింటుంటాను. నోకియా ఫ్యాక్టరీల కథ తెలిశాక నాకు ఆ సంతోషం నిలవలేదు.

జర్మనీలోని బోకుమ్ ఒకప్పుడు బొగ్గు గనుల ఊరు. గనులు మూతపడ్డ ఆ ఊళ్లో నడుస్తున్న సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీని ఎత్తేస్తున్నట్టు 2008 జనవరిలో నోకియా ప్రకటించింది. సుమారు 2,300 మంది కార్మికులు రోడ్డున పడ్డారు. నష్టాలు వచ్చి మూసేశారా అంటే, అంతకు ముందు ఏడాది ఆ సంస్థ నికర లాభం 700 కోట్ల యూరోలు దాటింది. రుమేనియాలో, క్లుజ్ నగరం దగ్గరి జుకు గ్రామంలో, కూలి తక్కువ. పని అక్కడికి వెళ్లింది. అక్కడైనా నిలిచిందా? నాలుగేళ్లు తిరక్కుండానే, విడిభాగాలు తయారయ్యే ఆసియాకు దగ్గరగా ఉండాలంటూ, 2011లో జుకు ఫ్యాక్టరీకీ తాళం వేశారు. ఆ మరుసటి ఏడాది సొంత దేశమైన ఫిన్లాండ్‌లోని సాలో ఫ్యాక్టరీ వంతు వచ్చింది.

ఉక్కు కర్మాగారంలో ఇనుప ఖనిజాన్ని కరిగించే భారీ కొలిమిని, అంటే బ్లాస్ట్ ఫర్నేస్‌ను, ఊడదీసి మరో దేశానికి పట్టుకుపోవడం సామాన్యమైన పని కాదు. ఫోన్ల ఫ్యాక్టరీలో మాత్రం సర్క్యూట్ బోర్డు మీద విడిభాగాలను అతికించే యంత్రాలు, పరీక్షించే బల్లలు, ప్యాకింగ్ లైను ఉంటాయి; కదిలించలేనిదేమీ ఉండదు. తయారైన సరుకు కూడా విమానంలో పంపగలిగినంత తేలిక. అందుకే అటువంటి పరిశ్రమ ఏ ఊరికీ కట్టుబడి ఉండదు.

చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరులో 2006లో ఉత్పత్తి మొదలుపెట్టిన నోకియా ఫ్యాక్టరీలో ఒక దశలో సుమారు 8,000 మంది పనిచేశారు. వారిలో చాలామంది పల్లెల నుంచి వచ్చిన, ఇరవై ఏళ్లు దాటీదాటని ఆడపిల్లలు. నోకియా ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్ కొన్నప్పుడు, పన్ను వివాదం కారణంగా ఈ ఫ్యాక్టరీ ఆ ఒప్పందంలో చేరలేదు. తరవాత ఆర్డర్లు ఆగిపోయి, 2014 నవంబరు 1న ఉత్పత్తి నిలిచిపోయింది. ఇక్కడ మూతకు కారణం తక్కువ కూలి కాదన్నది నిజమే. అయితే బోకుమ్‌లోనూ ఇక్కడా నిర్ణయం జరిగింది కార్మికుల చేతికి అందని చోటనే.

తేడా అంతా ఆ తరవాత జరిగినదానిలో ఉంది. బోకుమ్ కార్మికుల ప్రతినిధులు బేరమాడి 20 కోట్ల యూరోల పరిహారం సాధించుకున్నారు. ఇచ్చిన రాయితీలు తిరిగి కట్టమని అక్కడి రాష్ట్ర ప్రభుత్వం పట్టుబట్టగా, ఆ ప్రాంత అభివృద్ధికి నోకియా మరో 2 కోట్ల యూరోలు ఇచ్చింది. శ్రీపెరుంబుదూరులో వేలమంది స్వచ్ఛంద విరమణ తీసుకుని వెళ్లిపోయారు. అప్పట్లో అమల్లో ఉన్న మన పారిశ్రామిక వివాదాల చట్టం ఉద్యోగం పోయినవారికి హామీ ఇచ్చింది ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతమే. అంటే ఏడేళ్లు పనిచేసినా మూడున్నర నెలల జీతం. భూమి, కరెంటు, పన్నుల్లో రాయితీలిచ్చి కంపెనీలను పిలుస్తున్న మన రెండు రాష్ట్రాలూ, గడువుకు ముందే వెళ్లిపోయే సంస్థ ఆ రాయితీలను వెనక్కి కట్టాలనీ, అందులో కొంత నేరుగా కార్మికులకు చేరాలనీ ప్రతి ఒప్పందంలోనూ రాయించాలి. ఆ ఒప్పందాలను జనం చదవగలిగేలా బయటపెట్టాలి.