నాలుగు గోలీలు

నడుం నొప్పి లేని హమాలీ ఉండడు. అందుకే 2024లో వానాకాలం వడ్లు మిల్లుకు వస్తున్న రోజుల్లో నా వెన్ను మధ్యలో నొప్పి మొదలైతే నేనూ పట్టించుకోలేదు, మా ముఠా వాళ్లూ పట్టించుకోలేదు. మిర్యాలగూడలో సీజనంటే మిల్లు ముందు రాత్రీ పగలూ లారీలే. బస్తాకింత అని లెక్క. మోస్తేనే కూలి. మెడికల్ షాపులో నొప్పి గోలీ కొనుక్కుని మోశాను.

కానీ బస్తా నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటేనే ఎక్కువయ్యేది. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది, తెల్లారేసరికి బనీను తడిసేది. రెండు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాను. మిల్లు కాటా మీద చూసుకున్న లెక్కే అది. జనవరిలో ఒకరోజు బస్తా భుజానికెత్తుకోగానే ఎడమ కాలు నాది కానట్టయింది. "వదిలెయ్, బస్తా వదిలెయ్!" అని మేస్త్రి అరిచాడు. వదిలేశాను. ఆ తర్వాత ఇంకో బస్తా ఎత్తలేదు.

అప్పు తెచ్చి ఎమ్మారై తీయిస్తే వెన్నుపూసకు టీబీ అన్నారు. చీము చేరి నరాన్ని నొక్కుతోందట. "నాకు దగ్గే లేదు గదా సార్" అన్నాను. టీబీ ఎముకకూ పడుతుందని అప్పుడే తెలిసింది.

హైదరాబాద్‌లో ఆపరేషన్. ఆరోగ్యశ్రీ ఉండబట్టి గట్టెక్కాం. 2023 డిసెంబర్ నుంచి పది లక్షల దాకా పెంచారు గానీ మాకు అంత అవసరం పడలేదు. ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి ఏ కాగితం ఎప్పుడు తీసుకెళ్లాలో అంతా మా ఆవిడే చూసుకుంది. ఆమె పుట్టిల్లు పాలమూరు. 2007లో ఆరోగ్యశ్రీ మొదట పెట్టిన మూడు జిల్లాల్లో అదొకటి. వాళ్ల నాయనకు గుండె ఆపరేషన్ చేయించిన ఇల్లు, ఆ తిరుగుడంతా ఆమెకు కొట్టినపిండి.

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. ఆపరేషన్‌కు సర్కారు లక్షలు పెడుతుంది. ఆ తర్వాత ఏడాది పాటు మంచం మీద ఉండేవాడి ఇల్లెట్లా నడవాలో ఏ కార్డులోనూ లేదు.

మందులు మాత్రం ఉచితమే. ఆశ అక్క ఇంటికే తెచ్చిచ్చేది. నా బరువుకు పొద్దున్నే నాలుగు గోలీలు, పరగడుపున. ఇటుక రంగు గోలీలు, గొంతులో అడ్డంపడేంత పెద్దవి. మొదటి రోజు మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని టెన్షన్‌తో కేకేశాను. "మందు రంగే అన్నా, రాకపోతేనే భయపడాలి" అని నవ్విందామె. రెండు నెలలయ్యాక అందులో ఒక మందు తీసేశారు. గోలీలు మాత్రం నాలుగే. ఊపిరితిత్తుల టీబీకి ఆరు నెలలు చాలట, వెన్నుకు ఏడాదికి తగ్గదన్నారు.

టీబీ రోగుల కోసం పెట్టిన నిక్షయ్ పథకం కింద తిండి ఖర్చుకు నెలకు వెయ్యి ఇస్తారు. 2024 నవంబర్ ముందు ఐదొందలే. బ్యాంకులో పడ్డప్పుడు కొన్ని నెలలవి కలిపి పడేవి, గుడ్లకూ పాలకూ పోయేవి. చెడ్డ పథకమనను. కానీ అది రోగి తిండికి లెక్కగట్టిన డబ్బు. ఇంటి కిరాయి మూడు వేలు, పిల్లల తిండి వేరే. మా ఆవిడ పత్తి ఏరబోయింది. ఆమె చేతి వేళ్ల చివర్లు కాయ ముళ్లకు చీరుకుపోయి, అన్నం కలుపుతుంటే కారం మండి చేయి విదిలించుకునేది. నేను బెల్టు కట్టుకుని కూర్చుని చూసేవాణ్ని. ఆ ఏడాదిలో నాకు నొప్పి కంటే గుర్తున్నది అదే.

"వికలాంగుల పింఛనుకు పెట్టుకో, 4,016 వస్తుంది" అని అందరూ అన్నారు. మీసేవలో స్లాట్ తీసుకుని వాకర్ పట్టుకుని నల్గొండలో వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం శిబిరానికి పోయాను. "మందులు నడుస్తున్నయి గదా, కోర్సయ్యాక రా" అన్నారు. తగ్గాక మిగిలిందే వైకల్యం, తగ్గుతున్నది కాదు. డాక్టర్ చెప్పింది న్యాయమే. నడవలేనివాడికి అది న్యాయంగా వినిపించదు.

మా బావమరిది చౌటుప్పల్ దగ్గర కంపెనీలో చేస్తాడు. అతనితో పనిచేసే ఒకాయనకూ టీబీయేనట. కార్మికుల బీమా ఈఎస్ఐ ఉంది కాబట్టి మొదటి మూడు నెలలు జీతంలో 70 శాతం, ఆ తర్వాత 80 శాతం ఇస్తున్నారట. టీబీ లాంటి పెద్ద జబ్బులకు రెండేళ్ల దాకా ఇవ్వొచ్చట. జబ్బు అదే, గోలీలు అవే. ఆయన పేరు మస్టర్‌లో ఉంది, నా పేరు మేస్త్రి నోట్‌బుక్కులో ఉంది. అంతే తేడా. ఇది విన్న రాత్రి నిద్ర పట్టలేదు.

ఆరో నెలకు వాకర్ వదిలేశాను. ఎనిమిదో నెలకు మెట్లెక్కాను. బస్తాలు మోయొద్దన్నారు కాబట్టి ఇప్పుడు ఇంకో మిల్లులో కాటా దగ్గర లెక్క రాస్తున్నాను. కూలిలో సగం వస్తుంది.

కోర్సయ్యాక మళ్లీ నల్గొండ పోయాను. డాక్టర్ వంగమన్నాడు, మడమల మీద నడవమన్నాడు, కాలి బొటనవేలు పైకి లేపమన్నాడు. పింఛనుకు కావాల్సిన నలభై శాతం వైకల్యం రాలేదు. "మంచిగ తేరుకున్నవ్" అన్నాడు.

బయట చెట్టు కింద మా ఆవిడ లేచి నిలబడింది. "వచ్చిందా?"

"రాలేదు. నయమైందట."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా చేతిలో ఫైల్ తీసుకుని సంచిలో పెట్టుకుంది. బస్సులో కండక్టర్ ఆమెకు జీరో టికెట్ కొట్టి, నాకు ఫుల్ టికెట్ ఇచ్చాడు.